నాయన అంబాసిడర్‌కి వెనక యాక్సిల్ దొరికింది

మూడు నెలలుగా చిత్తూరు షెడ్డులో జాకీల మీదున్న మా నాయన అంబాసిడర్ నిన్న రోడ్డెక్కింది. షెడ్డుకి చేరేముందు వెనక నుంచి ఒకటే మూలుగు. వెనక చక్రాల్ని తిప్పే పళ్ళ చక్రాలు, క్రౌన్, పినియన్, రెండిటి పళ్ళూ అరిగిపోయాయి. 2014లో పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో తయారీ ఆగిపోయిన బండికి యాక్సిల్ ఎక్కడని వెతకాలి? ఎన్ని పాత ఇనుము అంగళ్ళు తిరిగానో! చివరికి చెన్నై పుదుపేటలో రెండు కనిపించాయి. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ ఇంజన్‌ని బట్టి రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క, మారొచ్చు, తప్పుది బిగిస్తే స్పీడోమీటర్ కూడా తప్పే చూపిస్తుంది. అదే నా టెన్షన్.

వెంట వచ్చిన మేస్త్రి తొందరపడలేదు. ఒక పక్క డ్రమ్ము కదలకుండా నన్ను పట్టుకోమని, రెండో పక్కది సరిగ్గా రెండు చుట్లు తిప్పాడు. పినియన్ ఫ్లాంజ్ (పినియన్ చివరనుండే బిళ్ళ) మీద సుద్దతో గీసిన గీత ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టాడు. మొదటిది కుదరలేదు. రెండోది మా పాతదాని లెక్కతో సరిపోయింది. యాక్సిల్ మీద స్ప్రింగులు కూర్చునే సీట్ల మధ్య దూరం కూడా టేపుతో కొలిచి, "ఇదే సామీ, తీసుకో" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

నిన్న తిరుపతికి వస్తుంటే నాయన పాకాల దాటినా మాట్లాడలేదు, చెవి వెనక్కి పెట్టి వింటూనే ఉన్నాడు. చంద్రగిరి దగ్గర నా భుజం తట్టి, "సద్దు లేదురా" అన్నాడు.