ఏటికి ఎదురుగా సైకిలు

గోదావరి డెల్టాలో సైకిలు తొక్కడానికి ఏముంది, అంతా బల్లపరుపు నేలే కదా అంటారు. ఆ మాట కారులో తిరిగేవాళ్ళది. ధవళేశ్వరం బ్యారేజీ పక్కన బొబ్బర్లంక దగ్గర కాలువ తలుపు దాటిన నీరు ఏ మోటారు సాయమూ లేకుండా సముద్రపు అంచు పొలాల దాకా నడిచి వెళ్తోందంటే నేల వాలి ఉన్నట్టే. నీరు పల్లమెరుగు. ఆ వాలు కంటికి అందదు కానీ మోకాలికి తెలుస్తుంది. అందుకే ఈసారి నది దిగే వైపు కాకుండా ఎక్కే వైపు వెళ్ళాలనుకున్నాను. అంతర్వేదిలో బయలుదేరి రాజోలు, పి.గన్నవరం, ధవళేశ్వరం, రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం దాకా.

మార్గశిరం వచ్చింది. వర్షాలు వెనకపట్టాయి, సార్వా కోతలు సాగుతున్నాయి. కొండ దారులకు ఇదే మంచి కాలం. వానాకాలంలో మారేడుమిల్లి వైపు వాగులు పొంగి దారి ఎప్పుడు తెగుతుందో చెప్పలేం, ఎండాకాలంలో మన్యం దాకా పోకముందే డెల్టా ఉక్క ప్రాణం తీస్తుంది.

అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర తెల్లవారింది. లక్ష్మీనరసింహస్వామి గోపురానికి దణ్ణం పెట్టుకుని బయలుదేరాను. సరుగుడు తోటలు దాటగానే గాలి మొహాన కొట్టింది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, నేను పోవలసింది ఉత్తరానికి. కొండ లేని నేలలో సైకిలు వాడికి కొండ ఈ గాలే. కొండకైతే శిఖరం ఉంటుంది, ఎక్కాక దిగుడు ఉంటుంది. ఎదురుగాలికి ఆ రెండూ లేవు. రొయ్యల చెరువుల పక్కన తెరపి ఎక్కువ, అక్కడ గేరు తగ్గించి తల వంచుకుని తొక్కాలి. కొబ్బరి తోటల్లోకి దారి మళ్ళగానే గాలి ఆగిపోతుంది, సైకిలు దానంతట అదే జారినట్టు ముందుకు పోతుంది. మలికిపురం నుంచి రాజోలు వైపు ఇదే వరస: తోట, చేను, మళ్ళీ తోట. కాసేపటికి కొబ్బరి మట్టలు దూరాన ఎటు ఊగుతున్నాయో చూసి ముందే గేరు మార్చుకోవడం అలవాటైంది. పల్లెదారి సైక్లింగులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇలా దారినీ గాలినీ చదువుకోవడమే. హైవే మీద అది దొరకదు. అక్కడ లారీని తప్ప దేన్నీ గమనించలేం.

రాజోలు దాటాక రోడ్డు సగం ధాన్యంతో నిండి ఉంది. కోతల రోజుల్లో కోనసీమ రోడ్లన్నీ కళ్ళాలే. బరకాలు పరిచి, అంచున ఇటుకలు పెట్టి, గంట గంటకూ కాళ్ళతో తిరగవేస్తారు. మిగిలిన సగంలో ఎదురుగా ఆటో వస్తోంది. నేను సైకిలు దిగి పక్కగా నడిపించాను. బరకం పక్కన నిలబడ్డ రైతు చూశాడు.

"దిగనక్కర్లేదు బాబూ, ఓ పక్క నుంచి పోవచ్చు."

"ధాన్యం మీద టైరు పెట్టలేనండీ. ఎన్నాళ్ళయింది ఆరబెట్టి?"

"మూడు రోజులు. తేమ పదిహేడు శాతానికి దిగితే గాని కొనరు. పొద్దున్నే మంచు, సాయంత్రం మంచు, నడుమ ఈ కాస్త ఎండ. మాకు రోడ్డు తప్ప ఇంకేం ఉంది?"

రోడ్డు మీద ధాన్యం పోస్తే ప్రమాదాలు జరుగుతాయని రాసేవాళ్ళ మాట నిజమే. కానీ ఊరికో ఆరబెట్టే చప్టా అయినా లేనప్పుడు ఆ తప్పు రైతుది కాదని నా అభిప్రాయం. కోతల నెలలో ఈ దారిన వచ్చే సైక్లిస్టులకు నా మనవి ఒక్కటే. దిగి నడవండి. రెండు నిమిషాల కంటే ఎక్కువ పోదు.

పి.గన్నవరం దగ్గర దారి గోదావరి మరో పాయ వైనతేయను దాటుతుంది. ఇక్కడ మనిషి మాత్రమే కాదు, కాలువ కూడా నదిని దాటుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కాలంలో, 1850ల మొదట్లో, హేగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో 49 కమానులతో అక్విడెక్టు, అంటే కాలువను మోసే వంతెన, కట్టి కాలువ నీటిని నది మీదుగా అవతలి లంక గడ్డకు తీసుకుపోయారు. నగరం, రాజోలు, సఖినేటిపల్లి పొలాలు ఆ నీటితోనే పచ్చబడ్డాయి. ఇప్పుడు పాతదాని పక్కన కొత్త అక్విడెక్టు ఉంది. సైకిలు ఆపి కిందికి చూస్తే కమానుల కింద నది సముద్రం వైపు, దాని మీద అడ్డంగా కాలువ పొలాల వైపు. రెండూ ఒకే నీరు, ధవళేశ్వరంలో విడిపోయి వచ్చినవి. చాలాసేపు నిలబడ్డాను. సున్నం, రాయి తప్ప మరేమీ చేతిలో లేని కాలంలో ఇది కట్టిన కూలీల పేర్లు ఎక్కడా లేవు.

అక్కడి నుంచి లొల్ల వైపు గన్నవరం కాలువ గట్టు పట్టుకుంటే మంచిది. తారురోడ్డు దూరంగా కనిపిస్తున్నా గట్టునే ఎంచుకోండి. కొన్నిచోట్ల మట్టి, కొన్నిచోట్ల సిమెంటు, ఎక్కువ భాగం నీడ. టైరు మరీ సన్ననిదైతే ఇబ్బంది పడతారు, 32 మిల్లీమీటర్లదైతే నిశ్చింత. తుమ్మముళ్ళు మాత్రం తప్పవు. కొత్తపేట ఇంకా రాకముందే వెనక టైరు మెత్తబడింది. చెట్టు కింద సైకిలు షాపు పెట్టుకున్న పెద్దాయన ట్యూబు తీసి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ వచ్చిన చోట వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ. ఇంకోటి కూడా ఉందండి, ఇది రేపు దిగేది" అన్నాడు. రెండూ అతికించాడు. నేను తెచ్చుకున్న సామానుతో అయితే రెండోది దొరికేది కాదు.

రావులపాలెం దగ్గర జాతీయ రహదారిని దాటి మళ్ళీ కాలువ పక్కకు వచ్చేశాను. అరటి గెలల లారీలు తప్ప అక్కడ నాకు చూడవలసింది కనపడలేదు.

లొల్ల లాకుల దగ్గర డెల్టా తన రహస్యం విప్పి చూపిస్తుంది. లాకు అంటే నీటికి కట్టిన మెట్టు. పై నీటి మట్టం ఒకటి, కింది మట్టం ఒకటి, మధ్య రెండు తలుపుల గది. పడవ గదిలోకి రాగానే వెనక తలుపు మూసి నీరు నింపితే పడవ పై మట్టానికి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. బస్సులూ లారీలూ రాకముందు బియ్యం, కొబ్బరి, కలప ఇలాగే ప్రయాణం చేశాయి. కాటన్ కాలువలు తవ్వించింది సేద్యానికే కాదు, రవాణాకు కూడా. బల్లపరుపు అనుకున్న నేలలో పొద్దుటి నుంచి నేను ఎంత పైకి వచ్చానో ఆ లాకు గోడ మీద నీటి గీతలు చూశాక అర్థమైంది. గంతులు వేస్తూ దూకే ఆ నీటి హోరు వింటూ అరగంట కూర్చున్నాను. ఆత్రేయపురం అక్కడికి దగ్గరే. బోర్లించిన కుండ మీద పిండిలో తడిపిన గుడ్డ పరిచి తీసే పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సైకిలు తొక్కేవాడికి నెయ్యి, చక్కెర పొడి కంటే మంచి ఇంధనం ఏముంటుంది. బెల్లం రేకులైతే ఇంకా మేలు.

బొబ్బర్లంక నుంచి ధవళేశ్వరం దాకా బ్యారేజీ మీదుగా వెళ్ళాను. బ్యారేజీ నాలుగు భాగాలుగా ఉంది, వాటిని ఆర్మ్‌లంటారు. ర్యాలి ఆర్మ్ మీద 43 తలుపులు, ధవళేశ్వరం ఆర్మ్ మీద 70. మద్దూరు, విజ్జేశ్వరం ఆర్మ్‌లతో కలిపి మొత్తం 175. 1847 నుంచి 1852 వరకు కట్టిన పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది ఈ బ్యారేజీ. ఎడమ చేతి వైపు నిండు నీరు, కుడి వైపు చాలావరకు ఇసుక తిన్నెలు. 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ ఏడు మునిగిన లంకల కథలు కోనసీమలో ఏ ఇంటి అరుగు మీదైనా వినవచ్చు. ఆ నీరంతా ఎక్కడి నుంచి వచ్చింది? నేను మర్నాడు పోబోయే కొండల నుంచీ వచ్చింది. డెల్టాలో పుట్టినవాళ్ళం మనం నది అంటే ధవళేశ్వరం దగ్గర మొదలవుతుందన్నట్టు మాట్లాడతాం. ఈ ప్రయాణం పెట్టుకున్నది ఆ అలవాటు వదిలించుకోవడానికే.

రాజమహేంద్రవరంలో నిద్రపోయి, చీకటితోనే కోరుకొండ వైపు బయలుదేరాను. అంతర్వేదిలో సముద్రం ఒడ్డున ఉన్న నరసింహుడే ఇక్కడ కొండ నెత్తిన ఉన్నాడు. కోరుకొండ గుట్ట కనిపించడంతో నల్ల ఒండ్రు నేల వెనక్కి పోయి ఎర్రమట్టి మొదలైంది. గోకవరం మన్యానికి గుమ్మం. ఇక్కడ నీళ్ళు నింపుకుని, అరటిపళ్ళు, వేరుశనగ ఉండలు కొనుక్కోవాలి, ముందు దుకాణాలు పలచబడతాయి. గోకవరం దాటాక అడవి. టేకు, మద్ది, వెదురు. రోడ్డు ఎక్కడం దిగడం మొదలుపెట్టింది. నిన్న రోజంతా నా మీద పనిచేసిన గాలి చెట్ల నడుమ పూర్తిగా ఆగిపోయింది. ఎక్కుడు వచ్చినా హాయిగా అనిపించింది. చిన్న గేరు, నిదానమైన ఊపిరి, చైను శబ్దం.

రంపచోడవరం చుట్టూ ఉన్నది రంప సీమ. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటానికి ఆ పేరే పెట్టారు. అడవి చట్టాలు పోడు వ్యవసాయాన్ని అడ్డుకోవడం ఒక కారణం. గూడెం వైపు ఘాట్ రోడ్డు పనుల్లో గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా గొడ్డుచాకిరీ చేయించడం ఇంకో కారణం. కొండ రోడ్డు మీద తొక్కుతూ ఈ సంగతి తలచుకోకుండా ఉండలేను. మన్యంలో రోడ్డు అనేది ఒకప్పుడు తిరుగుబాటు పుట్టించిన వస్తువు.

రంపచోడవరం నుంచి మారేడుమిల్లి సుమారు 27 కిలోమీటర్లు. దారి పక్కన ఇళ్ళ ముందు కొండచీపుళ్ళు ఆరుతున్నాయి, ఒక అమ్మ అడ్డాకులు కట్టలు కడుతోంది. ఆమె పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగాను. "ఇంత దూరం దీని మీదేనా నాయనా? ఆకు కోసుకురావడానికి మేం కొండెక్కితే ఇంకా దూరం" అంది. ఆమె నడక ముందు నా తొక్కుడు ఏపాటిది అని కాదు, ఆమెకు ఆ కొండ ఏ మలుపులో ఏ చెట్టు ఉందో తెలుసు. సాయంత్రానికి మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిన్నాను. పచ్చి వెదురు బొంగులో మాంసం, మసాలా కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతారు. నూనె చుక్క వేయరు. వెదురులోని తడితోనే ఉడుకుతుంది.

మర్నాటి దారి ఈ యాత్ర మొత్తంలో గొప్పది. మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్. పొద్దున్నే మంచులో రెండు పక్కలా వెదురు పొదలు వంగి రోడ్డును మూసేస్తాయి. ఎక్కుడు అయిపోయాక మలుపుల దిగుడు. ఈ దిగుడులో తొందర పనికిరాదు. మలుపు అవతల లారీ ఉందో లేదో తెలియదు, తడి ఆకులు జారుతాయి. బ్రేకులు గట్టిగా పట్టుకునే ఉంటే రిమ్ము కాలిపోతుంది, ముందుది వెనకది మార్చి మార్చి వదులుతూ నొక్కాలి. ఫోను సిగ్నలు లేని దారి కాబట్టి రెండు ట్యూబులు, చైను లింకు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. సోకులేరు వాగు దగ్గర ఆగితే లోయలో నీటి చప్పుడు వినిపిస్తుంది. ఆ నీరు శబరికి, శబరి గోదావరికి. పాపికొండల నడుమ ఇరుక్కుని, ధవళేశ్వరం తలుపులు దాటి, లొల్లలో మెట్టు దిగి, గన్నవరంలో తన మీద తానే నడిచి వెళ్ళేది ఇదే.

చింతూరు నుంచి కూనవరం దాకా శబరి పక్కన నేల మళ్ళీ చదునైంది. మిరప చేలు, వరి, తాటిచెట్లు. కూనవరంలో టీ తాగుతుండగా నా ఫోనులో ఎత్తు చూపే గీతను దుకాణం ఆయన చూశాడు.

"ఇది ఎన్ని మీటర్లు చూపిస్తుందండీ ఇక్కడ?"

చెప్పాను. ఆయన తల ఊపాడు. "మా ఊళ్ళో పిల్లాడికి కూడా రెండు అంకెలు తెలుసు. 41.15, 45.72 మీటర్లు. కాంటూరు, అంటే ఎత్తు గీతలు. పోలవరం ప్రాజెక్టు నిండితే మొదటి గీతలోపు ఉన్నవాళ్ళు ముందు ఖాళీ చేయాలి, రెండో గీత వాళ్ళు తరవాత. మా ఇల్లు రెండో దాంట్లో ఉందండి. కొట్టు మొదటి దాంట్లో."

2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది ఈ ప్రాజెక్టు కోసమే. డెల్టాకు రెండు పంటల నీరు నిలకడగా రావాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి, మా ఊరి కాలువ ఎండిన ఏడాది ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి. కానీ ఆ నీటికి ఎవరి అరుగు ఖరీదు కడుతున్నామో ఇక్కడికి వచ్చి చూడాలి. పరిహారం, పునరావాసం పూర్తిగా అందేదాకా గేటు ఎత్తు గురించి మాట్లాడే హక్కు పల్లంలో ఉన్న మాకు లేదు. డెల్టా రైతు సంఘాలు తమ కోరికల పట్టికలో దీన్ని మొదట రాయాలి.

ఈ దారిన రావాలనుకునేవాళ్ళు కూనవరం, చింతూరుల్లో బస ముందే మాట్లాడుకోండి, గదులు తక్కువ. కొండల్లో ప్లాస్టిక్ పారేయకండి. శబరి పక్క ఊళ్ళలో టీ తాగితే కాసేపు కూర్చుని తాగండి. మాట్లాడటానికి వాళ్ళ దగ్గర చాలా ఉంది.