పాత టర్కిష్ సీరియళ్ల ఇస్తాంబుల్‌కు పటం గీయడం: ఇప్పటిదాకా జరిగిన పని

1980లలోనూ 90లలోనూ వచ్చిన టర్కిష్ సీరియళ్లను వరసగా చూస్తూ, వాటిలో కనబడే వీధులను, దుకాణాలను, మెట్ల దారులను నేటి ఇస్తాంబుల్ పటం మీద ఒక్కొక్కటిగా గుర్తించడం కొంతకాలంగా నా తీరిక వేళల వ్యాపకం. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే వారికి అక్కరకు వస్తుందన్న ఉద్దేశంతో, ఎంతవరకు వచ్చానో, ఏ పద్ధతి పనికొచ్చిందో రాసి పెడుతున్నాను.

2015లో జిందగీ చానెల్ ‘ఫెరిహా’ను మన దేశంలో ప్రసారం చేసినప్పుడు టర్కిష్ సీరియళ్లతో నాకు తొలి పరిచయం కలిగింది. సంపన్నుల అపార్ట్‌మెంటులో కాపలాదారుగా పనిచేసే వ్యక్తి కూతురు, విశ్వవిద్యాలయంలో తన ఇంటి సంగతి దాచిపెట్టి గొప్పింటి పిల్లగా చెలామణీ కావడం ఆ కథకు మూలం. అక్కడి నుంచి వెనక్కి వెళ్తే, 1989లో మొదలై 2002 దాకా నడిచిన ‘బిజిమ్‌కిలెర్’ ఎదురవుతుంది. ఉముర్ బుగాయ్ రాసిన ఆ సీరియల్ కూడా ఒక అపార్ట్‌మెంటు కథే, అందులోనూ ఒక కాపలాదారు ఉన్నాడు. అయితే ఎర్జాన్ యాజ్‌గాన్ పోషించిన ఆ జాఫెర్‌ను ఎవరూ దాచుకోరు. అతను లేనిదే ఆ భవనంలో కథ కదలదు. ఒకే వృత్తిని చూపే తీరులో ఇంత తేడా ఎందుకు వచ్చిందని ఆలోచిస్తే నాకు తోచిన సమాధానం ఇది: పాత సీరియళ్లలో కలిగినవాడూ లేనివాడూ ఒకే మెట్ల మీద, ఒకే రొట్టెల దుకాణం ముందు ఎదురుపడక తప్పదు, ఆ ఎదురుపాటు లోంచే కథ పుడుతుంది. అందుకే మనుషుల కంటే ముందు స్థలాలను చూడాలనిపించింది, పటం ఆలోచన అలా వచ్చింది.

కాలం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. టర్కీ ప్రభుత్వ ప్రసార సంస్థ టీఆర్‌టీ తన టెలివిజన్ ప్రసారాలను 1968 జనవరి 31న అంకారాలో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. 1990లో తొలి ప్రైవేటు చానెల్ వచ్చేదాకా దేశమంతటికీ ఆ సంస్థే దిక్కు. హాలిత్ రెఫీగ్ దర్శకత్వంలో 1975లో వచ్చిన ‘అష్క్-ఇ మెమ్ను’ అనే నవలా సీరియల్ ఆరే భాగాల్లో ముగిసింది. అదే నవలను 2008లో మళ్లీ తీసినప్పుడు అది రెండేళ్ల పాటు నడిచింది. నేడు ఒక్కో భాగం రెండు గంటలు దాటుతుండగా, పాతవి చాలావరకు దానిలో సగం కూడా ఉండవు. వీధులను వెతికే పనికి ఆ పొట్టి నిడివి ఎంతో మేలు చేస్తుంది.

ఇక పనిముట్ల విషయం. పాత భాగాలు చాలావరకు యూట్యూబ్‌లోనే దొరుకుతాయి. సీరియల్ పేరు తరువాత ‘బోలుమ్’ (భాగం) అనే మాటను, భాగం సంఖ్యను టర్కిష్ అక్షరాలతోనే టైపు చేసి వెతకాలి. ‘తెక్ పార్చా’ అని చేరిస్తే ముక్కలు చేయని పూర్తి భాగం వస్తుంది. ఒకే భాగానికి రెండు మూడు కాపీలు కనబడితే, చిత్రం స్పష్టంగా ఉన్నదాన్ని కాక, నాలుగుకు మూడు నిష్పత్తి చెడని దాన్నే ఎంచుకోవాలి. నేటి వెడల్పాటి తెరకు సరిపోయేలా పైనా కిందా కత్తిరించిన కాపీల్లో ఇళ్ల కప్పులు, పై అంతస్తుల కిటికీలు మాయమవుతాయి. పోల్చడానికి మనకు మిగిలే ఆధారాలు అవే కాబట్టి ఆ నష్టం చిన్నది కాదు.

వీడియోను ఆపి, కామా, చుక్క మీటలతో ఒక్కో ఫ్రేమ్ చొప్పున ముందుకూ వెనక్కూ జరపవచ్చు. డిస్కు నుంచి చూసేవారికి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ‘ఈ’ మీట ఒక్కో ఫ్రేమ్ చొప్పున ముందుకు మాత్రమే జరుపుతుంది, ‘ఏ’ మీట నిష్పత్తిని సరిచేస్తుంది, కదిలే అంచుల వెంబడి కనబడే గీతలను ‘డీ’ మీట తొలగిస్తుంది. కెమెరా వీధిలో పక్కకు తిరిగే దృశ్యాల్లో ఆ గీతలు పోతే తప్ప దుకాణాల బోర్డులు చదవడం సాధ్యం కాదు. మాటల కోసం ఆటోమేటిక్ టర్కిష్ ఉపశీర్షికలను అనువాదంతో పెట్టుకుంటున్నాను. వేగంగా సాగే హాస్య సన్నివేశాల్లో అవి తడబడతాయి, అయినా పేటల పేర్లను పట్టుకోవడానికి సరిపోతాయి.

ప్రతి దృశ్యానికీ పట్టికలో ఒక వరస రాస్తాను: భాగం, నిమిషం, కనబడిన గుర్తులు, నీడ పడిన దిక్కు, నేల వాలు. రెండు వేర్వేరు భాగాల్లోని దృశ్యాలు ఒకే చోటును చూపితే తప్ప పటం మీద గుర్తు పెట్టను. పోలిక కోసం గూగుల్ స్ట్రీట్ వ్యూ లాంటి వీధి దృశ్యాల సేవలు ఉండనే ఉన్నాయి. వాటితో పాటు ఇస్తాంబుల్ మహానగర పాలక సంస్థ నగర పటంలో 1966, 1982 నాటి విమాన ఛాయాచిత్రాలు కూడా తెరిచి చూడవచ్చు. నేడు భవనాలు లేచిన చోట ఆనాడు తోట ఉండేదా, ఖాళీ స్థలం ఉండేదా అన్నది వాటిలో తేలిపోతుంది.

మొదట పూర్తయింది కుజ్‌గున్‌జుక్. ఉస్కుదార్ జిల్లాలో, బోస్ఫరస్ జలసంధి ఆసియా ఒడ్డున ఉన్న ఈ చిన్న పేటలోనే 1986 నుంచి 1988 వరకు వచ్చిన ‘పెరిహాన్ అబ్లా’ చిత్రీకరణ జరిగింది. పెర్రాన్ కుత్‌మాన్ పోషించిన పెరిహాన్‌ను అక్కడి వారు ఎంతగా తమదాన్ని చేసుకున్నారంటే, ఒక వీధికి ఆ సీరియల్ పేరే పెట్టారు. నా పటంలో తొలి గుర్తు ఆ వీధిదే. ఇజాదియె వీధి నుంచి పక్కలకు చీలే సందుల్లోని చెక్క ఇళ్లను గుర్తుపట్టడంలో రంగును అసలు నమ్మకూడదు, ఎందుకంటే ఆనాడు వెలిసిపోయి ఉన్న గోడలకు ఇప్పుడు పసుపు, నీలం, గులాబీ రంగులు వేశారు. మారనిది వీధి మీదికి పొడుచుకొచ్చే జుంబా, అంటే మూసిన బాల్కనీ లాంటి కిటికీ గది. దాని కింద భారం మోసే చెక్క మోపులు ఎన్ని ఉన్నాయో, వాటి వంపు లోపలికి ఉందో బయటికి ఉందో, చివరి మోపు పక్క గోడకు ఎంత దూరంలో ఉందో చూస్తే, ఒకే అచ్చులో పోసినట్టున్న రెండు ఇళ్లు కూడా విడివిడిగా తెలుస్తాయి.

అదే ఒడ్డున ఉన్న మరో పేట చెంగెల్‌కోయ్ పని తేలిగ్గా సాగింది. ఈ పేటలో తీసిన, 1993 నుంచి 1997 వరకు నడిచిన ‘సూపెర్ బాబా’లో షెవ్‌కెత్ అల్తు, పిల్లలను తానే పెంచుకునే తండ్రి ఫిక్రెత్‌గా కనిపిస్తాడు. ఒడ్డున నిలబడి తీసిన దృశ్యంలో కులెలి సైనిక పాఠశాల జంట గోపురాలు కనబడితే కెమెరా ఉత్తరానికి, బోస్ఫరస్ మొదటి వంతెన కనబడితే దక్షిణానికి తిరిగి ఉన్నట్టు లెక్క. ఒడ్డున ఆరుబయట టీ అమ్మే తోట మీద గొడుగు పట్టిన ముసలి చినార్ చెట్టు నేటికీ ఉంది కాబట్టి తక్కిన దూరాలను దాని నుంచే కొలిచాను.

‘బిజిమ్‌కిలెర్’కు మాత్రం వీధుల పటం పెట్టుకోలేదు. దాని ప్రపంచమంతా మెట్లలోనూ గుమ్మాల ముందూ ఉంది కనుక, భవనాన్ని నిలువుగా కోసినట్టు గీసి, ఏ తలుపు వెనుక ఏ కుటుంబం ఉందో, ఎవరు ఎవరి గుమ్మం ముందు ఆగుతారో రాస్తున్నాను. ఏళ్ల తరబడి నడిచిన సీరియల్ కావడం వల్ల ఈ బొమ్మ నెమ్మదిగానే నిండుతోంది.

ప్రస్తుతం నా సమయమంతా సమాత్యా అనే పేట మీదే గడుస్తోంది. 1998లో మొదలైన, ఈ పేటలోనే సాగే ‘ఇకింజీ బహార్’ వీటన్నిటిలోకీ గొప్పదని నా గట్టి అభిప్రాయం. వెండితెరను ఏలిన తుర్కాన్ షొరాయ్, షెనెర్ షెన్ అందులో నడివయసు దాటిన ఇద్దరిగా, హనీమ్‌గా, కబాబ్ చేసే అలీ హైదర్‌గా నటించారు. వారి ప్రేమ వంటింటి పొగలో, అప్పుల లెక్కల్లో, ఎదిగిన పిల్లల అభ్యంతరాల మధ్య సాగుతుంది, రచయిత సుల్హి దోలెక్ వారిని ఎక్కడా తొందరపెట్టడు. సమాత్యా పాత కోట గోడల లోపల, మర్మరా సముద్రం వైపున ఉంది. ఆర్మీనియన్లు, గ్రీకులు తరతరాలుగా నివసించిన చోటు. కూడలికీ సముద్రానికీ మధ్య రైలు కట్ట అడ్డంగా సాగుతుంది, దాని కింది నుంచి దారులు ఉన్నాయి. ఆ పట్టాల మీది పాత లోకల్ రైళ్లు 2013లో ఆగిపోయాయి. 2024లో సిర్కెజి, కజ్లీచెష్మె మధ్య ఆ దారిని నడక బాటతో సహా తిరిగి తెరిచారు. కాబట్టి కట్ట పొడవునా ఇటీవలి చిత్రాలను పక్కన పెట్టి, వీధి దృశ్యాల సేవలో దొరికినంత పాత సంవత్సరాన్ని ఎంచుకుని పోల్చాలి.

కూడలి చుట్టుపక్కల గుర్తులు కుదిరాయి. సురుప్ కెవోర్క్ చర్చి వైపు ఎక్కే సందుల్లో మాత్రం ఒక దృశ్యం ఇంకా తేలలేదు: ఎడమన రాతి గోడ, కుడిన ఇనుప తలుపు, మధ్యలో మలుపు తిరిగే మెట్లు. నీడను బట్టి ఆ మెట్లు ఉత్తరానికి ఎక్కుతున్నాయి కాబట్టి 1982 నాటి విమాన చిత్రంలో ఉత్తర దక్షిణాలుగా ఉన్న సందులను వరసగా పరిశీలిస్తున్నాను. అది తేలాక ఇస్తాంబుల్ దాటి, 2002లో మొదలైన ‘అస్మలీ కొనాక్’ కోసం మధ్య టర్కీలోని కప్పడోకియా ప్రాంతపు ఉర్గుప్‌కు పటాన్ని పొడిగించాలి. అక్కడ కథ ఒక రాతి భవంతి చుట్టూ తిరుగుతుంది కనుక, పట్టికలో వీధి వాలు ఉన్న గడిని తీసేసి ప్రాంగణం, గది, కమాను అనే గడులను ఇప్పటికే సిద్ధం చేసి పెట్టాను.