రామప్ప స్తంభంతో మూడేళ్లు

మొదటిసారి రామప్ప గుడిలో తీసిన 412 ఫొటోలను రాత్రంతా కంప్యూటర్‌లో నడిపిస్తే, తెల్లారేసరికి స్తంభం బదులు కరిగిన బెల్లంలాంటి ముద్ద వచ్చింది. అప్పటికి పీహెచ్‌డీలో చేరి ఏడాది దాటింది. చాలా ఏడుపొచ్చింది.

ఫొటోల నుంచి త్రీడీ మోడల్ కట్టడం నా పని. వస్తువు చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో ఉన్నది పక్క ఫొటోలో మూడొంతులైనా కనిపించేలా తీయాలి. వాటిలో ఉమ్మడిగా ఉన్న బిందువుల్ని ప్రోగ్రామ్ జత చేసి, కెమెరా ఎక్కడెక్కడ నిలిచిందో, ఒక్కో బిందువు ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. ఎర్ర ఇసుకరాయి గోడలకి ఇది చక్కగా కుదిరింది. చిక్కంతా రంగమండపంలోని నల్లరాతి స్తంభాల దగ్గరే. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ నల్లరాయి, అంటే డోలరైట్, నునుపు పోలేదు. దగ్గరికెళ్తే మన నీడ అందులో కదులుతుంది. నేను ఒక అడుగు పక్కకి వేస్తే రాతి మీది మెరుపు కూడా జరుగుతుంది. ఆ కదిలే మెరుపునే ప్రోగ్రామ్ చెక్కడం అనుకుంది.

ఆర్నెల్లపాటు తప్పు కోడ్‌లో ఉందనుకుని వెతికాను. ఒకరోజు మా గైడ్ మేడం ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూసి, "అల్గారిదమ్ సంగతి తర్వాత, ముందు వెలుతురు సంగతి చూడమ్మా" అన్నారు. ఆ మాటతోనే నా పని దారిలో పడింది.

ఫ్లాష్ ముందు పోలరైజింగ్ ఫిల్మ్ (ఒకే దిశలో కంపించే వెలుతురునే పోనిచ్చే పొర) ఒకటి, లెన్స్ మీద అలాంటిదే పోలరైజర్ ఒకటి పెట్టి, రెండోదాన్ని మెల్లగా తిప్పుతూ పోవాలి. రాతి పైపొర నుంచి నేరుగా తిరిగొచ్చే వెలుతురు ఫిల్మ్ ఇచ్చిన దిశలోనే ఉంటుంది కాబట్టి, రెండూ ఒకదానికొకటి అడ్డంగా కుదిరినప్పుడు లెన్స్ మీది పోలరైజర్ దాన్ని ఆపేస్తుంది. రాతిలోకి కాస్త దిగి చెదిరి వచ్చేదే కెమెరా లోపలికి వస్తుంది. మొదటిసారి తిప్పినప్పుడు తెరమీద తెల్లటి మెరుపు మచ్చ చిన్నదవుతూ మాయమై, దాని కింద స్తంభం మీద చెక్కిన నర్తకి నడుముకున్న పూసలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ క్షణం ఇప్పటికీ కళ్లముందుంది. కానీ నల్లరాయి, పైగా రెండు ఫిల్టర్లు, వెలుతురు బొత్తిగా చాలదు. ఫ్లాష్ పూర్తి బలంతో కొట్టాలి, కెమెరా కదలకూడదు. స్టాండ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. దానికోసం ఆగిన నెలల్లో టెన్షన్ పడటం తప్ప చేసిందేమీ లేదు.

రెండోసారి బిందువులు బాగా వచ్చాయి. వాటి మీద ఉపరితలం అల్లడానికి పాయిసన్ రీకన్‌స్ట్రక్షన్ వాడాను. 2006లో కజ్‌డాన్, బొలిథో, హాప్ ఇచ్చిన ఈ పద్ధతిని మా రంగంలో వాడనివాళ్లు తక్కువ. ఎక్కడా కన్నం లేని, నీళ్లు పోస్తే కారని మోడల్ ఇస్తుంది. పేపర్ రాసి పంపాను. తిరస్కరించారు. ఒక సమీక్షకుడు ఒకే ప్రశ్న అడిగాడు: "మీ నర్తకి ఎడమచేతి చివర ఫొటోల్లో లేదు. మోడల్లోకి ఎలా వచ్చింది?"

వెళ్లి చూశాను. నిజంగా ఆ చెయ్యి విరిగి ఉంది. విరిగిన చోటుకి కెమెరా చూపు అందలేదు, బిందువుల్లేని ఆ ఖాళీని పాయిసన్ నునుపుగా మూసేసింది. విరిగిన రాయి గరుకుగా, అంచులు పదునుగా ఉండాలి. నా మోడల్లో అరిగిన సబ్బుబిళ్లలా గుండ్రంగా ఉంది. కంకణం వెనక శిల్పి తొలిచిన సన్నటి సందు కూడా మూసుకుపోయింది. దారం పట్టేంత సందు అది! అంత ఓర్పుగా తొలిచినవాడి పనిని నేను పూడ్చేశానన్న బాధ చాన్నాళ్లు పోలేదు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఇలాంటి మోడళ్లనే చూసి, కొలిచి, రేపు మరమ్మతు చేసేవాళ్లూ ఉండొచ్చు కదా.

అందుకే థీసిస్ దిశ మార్చాను. చుట్టూ బిందువులు ఎంత దట్టంగా ఉన్నాయో ఒక్కో చోటా లెక్కవేసి, పలచబడిన చోట ఉపరితలాన్ని కత్తిరించి ఖాళీగానే వదిలేశాను. ఊహతో నింపిన భాగం చూపించాల్సివస్తే వేరే రంగు వేశాను. బొమ్మ అందం తగ్గిందని ల్యాబ్‌లో కొందరన్నారు, మేడం మాత్రం నన్నే సమర్థించారు. రెండోసారి పంపిన పేపర్ అంగీకరించారు.

థీసిస్‌లోని ఆ స్తంభం బొమ్మలో ఇప్పుడు మూడు ఖాళీలున్నాయి. వెనక చిన్న అద్దం పట్టుకుని తీస్తే కంకణం సందు దొరకొచ్చని ఈమధ్యే తట్టింది. అనుమతికి మళ్లీ దరఖాస్తు పెట్టాను.