ముఖం అమ్మాలా, చీర అమ్మాలా?

తిరుపతి బస్టాండులో పుస్తకాల అంగడి ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. పత్రికలు తాడుకు క్లిప్పులతో ఒకదాని మీదొకటి పడేట్టు వేలాడుతుంటాయి. ఒక్కోదానిలో కనబడేది పైనున్న మూడు నాలుగు అంగుళాలే: పత్రిక పేరు, దాని కింద రెండు కళ్లు. కింద ఎంత ఖరీదైన చీర కట్టించినా ముందున్న పత్రిక దాన్ని మూసేస్తుంది. కవర్ మీద సినిమా స్టార్ ఉండాలా, మోడల్ ఉండాలా అనే పేచీ ఇక్కడే మొదలవుతుంది. తెలిసిన ముఖమైతే బస్సు కోసం పరుగెత్తే మనిషి చూపు కూడా ఒకసారి ఆగుతుంది.

ఫ్యాషన్ పత్రికలకు మొదట్నుంచీ ఇంత స్టార్ పిచ్చి లేదు. 1990 జనవరి బ్రిటిష్ వోగ్ కవర్ మీద ఉన్న ఐదుగురూ మోడళ్లే: నవోమీ క్యాంప్‌బెల్, లిండా ఎవాంజెలిస్టా, టాట్యానా పాటిట్జ్, క్రిస్టీ టర్లింగ్టన్, సిండీ క్రాఫోర్డ్. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అమెరికన్ వోగ్ 1998 అక్టోబరులో ఓప్రా విన్‌ఫ్రేని, డిసెంబరులో హిల్లరీ క్లింటన్‌ని కవర్ ఎక్కించింది. 2007లో వోగ్ ఇండియా మొదటి సంచిక ఎవర్నీ నొప్పించకుండా స్టార్లనీ మోడళ్లనీ కలిపేసింది. ప్రియాంకా చోప్రా, బిపాసా బసు, ప్రీతి జింటాలతో పాటు జెమ్మా వార్డ్, మోనికంగనా దత్తా, లక్ష్మీ మీనన్. ఈ లక్ష్మీ మీనన్ మోడల్, తమిళ సినిమాల్లో చేసిన అమ్మాయి కాదు. మన తెలుగు పత్రికల్లో వడ్డాది పాపయ్య గారు కుంచెతోనే పని కానిచ్చారు. బొమ్మకు డేట్లు అడగక్కర్లేదు కదా!

ఇక మన దగ్గర బట్టల అంగళ్లవాళ్లు వేసుకునే పెళ్లి సీజన్ క్యాటలాగులు, చిన్న పత్రికల సంగతి. నా మాట అడిగితే, చీర అమ్ముకోవాలంటే మోడలే మేలు. స్టార్ కవర్ చూసినవాళ్లు "ఆ హీరోయిన్ భలే ఉంది" అంటారు, చీర రంగేమిటని అడిగితే చెప్పలేరు. పైగా ఆమె మన చేతికి దొరికేది మూడు నాలుగు గంటలు. మేకప్‌కీ జుట్టుకీ ఆమె మనుషులే వస్తారు, ఏ ఫొటో వేయాలో ఆమె మేనేజర్ ఖాయం చేస్తారు. అన్నిటికంటే పెద్ద చిక్కు నగలది. ఆమె ఒక నగల కంపెనీకి ప్రచారకర్త అయితే ఇంకొకరి హారం మెడలో వేసుకోదు. షూటింగ్ రోజు పొద్దున ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఏ కంపెనీలతో ఒప్పందాలున్నాయో ముందే కాగితం మీద రాయించుకోండి. సినిమా విడుదలను నమ్ముకుని కవర్ వేస్తే, సినిమా వాయిదా పడిన రోజే కవర్ పాతబడిపోతుంది.

మోడల్‌తో రోజంతా చేతిలో ఉంటుంది. అయినా తప్పులు జరుగుతాయి. పెళ్లి ఫొటోలు తీసే అలవాటున్నవాళ్లు మనిషితో ఫ్రేమంతా నింపేస్తారు. తర్వాత పత్రిక పేరు పెట్టడానికి చోటుండదు. తల పైన ఫ్రేములో నాలుగోవంతు ఖాళీ వదలమనండి. ఇంగ్లిష్ పత్రికల్లా తల వెనక అక్షరాలు దాచే పని తెలుగులో చూసి చేయాలి. 'వి' మీది గుడి జుట్టు వెనక్కి పోతే అక్షరమే చెడిపోతుంది. తల ఆనితే అక్షరం అడుగు అంచుకే ఆనాలి, అదీ వత్తు లేనిచోట.

85 ఎంఎం లెన్స్, దాని రంధ్రం (అపర్చర్) ఎఫ్ 8. ఎఫ్ 1.8లో కళ్లు పదునుగా వస్తాయి, చీర అంచు మసకబారుతుంది. ఏ4 కవర్‌కు నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (అచ్చయ్యాక కోసేసే అంచు) కలిపితే 216 × 303 మి.మీ.; 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 2551 × 3579 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, కవర్‌కు పనికిరాదు.

చీరను బట్టి జాగ్రత్తలు మారతాయి. శ్రీకాళహస్తి కలంకారీకి కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ కాబట్టి లేత పసుపు ఛాయ ఉంటుంది. కెమెరాను రంగు తానే సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌లో వదిలేస్తే ఆ ఛాయ పోయి మిల్లు గుడ్డలా తెల్లగా వస్తుంది. మొదటి ఫొటోలో గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పట్టించి దాన్నిబట్టి రంగు సరిచేసుకోండి. వెంకటగిరి నూలు పల్చన. వెనక నుంచి లైటు పడితే లోపావడా గీత కనిపిస్తుంది, అందుకే చీర రంగు లోపావడాయే వేయించాలి. జరీ మీద ఫ్లాష్ నేరుగా కొడితే తెల్లటి మచ్చలే మిగులుతాయి. లైటుకు వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె, అంటే పెద్ద సాఫ్ట్‌బాక్స్ తగిలించి పక్కకు జరపండి. కుచ్చిళ్లకు పిన్నీసులు లోపలి వైపు, జాకెట్టు వదులైతే వీపు వైపు క్లిప్పులు.

బార్‌కోడ్ మామూలు సైజు సుమారు 37 × 26 మి.మీ. దాన్ని కింద మూలలో పెడతారు, సరిగ్గా చీర అంచు పడే చోటే. ఏ మూలో ముందే తేల్చుకుని కొంగు రెండోవైపు వేయించండి. ప్రూఫును (అచ్చుకు ముందు తీసే నమూనా ప్రతిని) ప్రెస్సులో ట్యూబ్‌లైట్ కింద చూడకండి. గుమ్మం బయటికి తెచ్చి చీర పక్కన పెట్టి చూడండి. ఎరుపు ఇటుకరంగులోకి తిరిగి ఉంటే అచ్చు ప్లేట్లు వేయకముందే ఆపించండి.