రుద్ర, గేటు గడియ, మూడు సెకన్లు

గేటు దగ్గరికి ఎవరొచ్చినా మా కుక్క రుద్ర చాప మీదే పడుకోవాలని నేర్పుతున్నా, ఇవాళ కూడా ఫెయిలే. గ్యాస్ సిలిండర్ అబ్బాయి గేటు గడియ తీశాడో లేదో రుద్ర చాప మీంచి లేచి వరండా గ్రిల్ దగ్గరికి వెళ్ళిపోయాడు, ముందు కాళ్ళు రెండూ గ్రిల్ మీద వేసి ఒకటే మొరుగుడు, నేను వంటింట్లోంచి ఉడికించిన చికెన్ ముక్క పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. ఏడుపొచ్చింది నిజంగా.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఫ్రంట్ క్లిప్ హార్నెస్‌తో (తాడు ఛాతీ దగ్గర తగిలించే ఒంటి పట్టీ) వాకింగ్‌లో లాగడం తగ్గింది, మా ఇంకో కుక్క బుజ్జి వంటింటి గట్టు మీద మూతి పెట్టడం మానేసింది, ఈ వానల్లో గోమార్లు కూడా పట్టలేదు. అంతే, వాటి గురించి ఇంక చెప్పడానికేం లేదు. బాధంతా ఈ గేటుతోనే.

రుద్ర జర్మన్ షెపర్డ్, 36 కిలోలు. వెనక కాళ్ళ మీద లేస్తే మా మావయ్యగారి భుజాల దాకా వస్తాడు. ఆయనకి 74 ఏళ్ళు, తలుపు తీయడానికి ఆయన వెళ్తుంటే వీడు పక్కనుంచి దూసుకెళ్ళి తగిలితే చాలు తుంటి ఎముక గురించి భయపడాలి. ఇంక వచ్చేవాళ్ళ సంగతి. మన కుక్కకి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాం, కార్డు ఉంది, అన్నీ కరెక్టే, కానీ పన్నో గోరో గీసుకుని రక్తం వచ్చిందంటే ఆ డెలివరీ అబ్బాయి ఆస్పత్రికి 0, 3, 7, 28 రోజుల లెక్కన ఇంజెక్షన్లకి తిరగాలి, వెళ్ళిన ప్రతిసారీ అతని పని పోతుంది. పెద్ద కుక్కని పెంచుతున్నాం అంటే గేటు దగ్గర నిలబడ్డ మనిషి బాధ్యత కూడా మనదే అని నేను గట్టిగా నమ్ముతాను. "కుక్కలున్నవి జాగ్రత్త" బోర్డు పెట్టేస్తే సరిపోదు.

సరే, విషయానికొస్తా. మామూలుగా అందరం చేసే పద్ధతే: కాలింగ్ బెల్ మోగితే చాప మీదికి వెళ్ళి పడుకోవాలి. బెల్ సౌండ్ ఫోన్‌లో రికార్డ్ చేసి తక్కువ వాల్యూమ్ నుంచి పెంచుకుంటూ వచ్చా, ఫోన్‌లో ఫుల్ వాల్యూమ్‌లో మోగినా వాడు రెండు నిమిషాలు కదలకుండా పడుకుంటున్నాడు. అసలు బెల్ మా చిన్నదాని చేత నొక్కించినా పడుకుంటున్నాడు. కానీ నిజంగా ఎవరైనా వస్తే మాత్రం ఏదీ పనిచేయట్లేదు. మావారు "వీడు నటిస్తున్నాడే" అంటారు. కాదు, కుక్కలు అలా చేయవు, ఎక్కడో ఏదో తేడా ఉంది అని హాల్లో ఫోన్ పెట్టి వీడియోలు తీసి ఒక్కో సెకను చూశా.

అప్పుడు దొరికింది. గేటు గడియ చప్పుడు నుంచి బెల్ మోగేదాకా సుమారు 5 సెకన్లు పడుతోంది, ఎందుకంటే గేటు నుంచి మెట్ల దాకా 22 అడుగులు ఉంది. రుద్ర చెవులు లేచేది గడియ చప్పుడుకే, ఒక సెకను లోపే లేచి నిలబడుతున్నాడు, 3 సెకన్లకి గ్రిల్ దగ్గర ఉంటున్నాడు. అంటే బెల్ మోగేసరికే వాడు అక్కడ మొరుగుతున్నాడు! బెల్‌కి ఎంత నేర్పితే ఏం లాభం, వాడి దృష్టిలో బెల్ అనేది కథ సగం అయ్యాక వచ్చే చప్పుడు. చిన్నది బెల్ నొక్కినప్పుడు ఇంట్లోంచి వెళ్ళి నొక్కింది కాబట్టి గడియ చప్పుడే లేదు.

గడియకి ఆయిల్ వేసి పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టాం, చప్పుడు మనకి దాదాపు వినపడట్లేదు, వాడికి మాత్రం వినపడుతూనే ఉంది. హాలు కిటికీకి కింద 3 అడుగుల మేర ఫ్రాస్టెడ్ స్టిక్కర్ అంటించాం, దాంతో రోడ్డు మీద పోయేవాళ్ళని చూసి మొరగడం బాగా తగ్గింది కానీ గేటు పరుగు తగ్గలేదు. బుజ్జిని బెడ్‌రూమ్‌లో పెట్టి చూస్తే వాడు గ్రిల్ దాకా రావడానికి 3 సెకన్ల బదులు 9 సెకన్లు పట్టింది, మధ్యలో ఒకసారి ఆగి నా వైపు చూశాడు కూడా. అంటే బుజ్జి లేవడం కూడా వాడికి ఒక సిగ్నల్. లాబ్రడార్ కదా, దానికి ఎవరొచ్చినా పండగే.

ఇప్పుడు నా అనుమానాలు. ఒకటి, నేను వంటింట్లోంచి చాప దగ్గరికి రావడానికి 6 సెకన్లు పడుతుంది, వాడు పోయేది 3 సెకన్లకి, కాబట్టి ముక్క ఎప్పుడూ లేటే. ఆరుగురున్న ఇంట్లో స్టవ్ మీద పోపు పెట్టి ఉంటుంది, అత్తయ్యగారికి షుగర్ టాబ్లెట్ ఇచ్చే టైమ్ అవుతుంది, పిల్లల బాక్సులు కట్టాలి, చాప పక్కన కూర్చుని గేటు కోసం ఎదురుచూసేది ఎవరు? ఇంకోటి, నాకు ఇదే అసలైనది అనిపిస్తోంది, వాడు మొరుగుతాడు, పార్సిల్ అబ్బాయి పెట్టేసి వెళ్ళిపోతాడు, వాడి లెక్కలో వాడు మొరగబట్టే మనిషి పారిపోయాడు. అంటే ప్రతి పార్సిల్‌కీ వాడికి ఒక బహుమతి దొరుకుతున్నట్టే, నా చికెన్ ముక్క దాని ముందు ఏపాటిది. ఇంక మా పెద్దాడు "పార్సిల్ వచ్చింది" అని అరుస్తూ పరిగెత్తడం, ఒకరు సిట్ అని, ఒకరు కూర్చోరా అని, అత్తయ్యగారు అవతలికి పో అని. ఇప్పుడు అందరూ "చాప" అనే ఒక్క మాటే అనాలని ఫ్రిజ్ మీద రాసి పెట్టాం. మావయ్యగారే అందరికన్నా కరెక్ట్‌గా పాటిస్తున్నారు.

షాక్ కాలర్ వాడమని ఇద్దరు ముగ్గురు చెప్పారు, నేను వాడను. గడియ చప్పుడు అవగానే మెడకి నొప్పి తగిలితే వాడు నేర్చుకునేది ప్రశాంతంగా ఉండమని కాదు, వచ్చే మనిషి వల్లే నొప్పి వస్తుందని. మొరిగే కుక్క కరిచే కుక్క అవుతుంది. మొరిగితే మనకి వినపడని చప్పుడు చేసే అల్ట్రాసోనిక్ మెషిన్లు కూడా డబ్బు దండగ అని నా అభిప్రాయం. కాంగ్ అనే బోలు రబ్బరు బొమ్మ మాత్రం డబ్బుకి న్యాయం, పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే బుజ్జి అరగంట కదలదు.

ప్రస్తుతానికి మనుషుల సేఫ్టీ కోసం వెల్డింగ్ షాపులో హాలు గుమ్మానికి 4 అడుగుల గ్రిల్ గేటు చేయిస్తున్నాం, ఊచల మధ్య 2 అంగుళాలు, బయటికి తెరుచుకోకుండా లోపలికే తెరుచుకునేలా. అప్పుడు తలుపు తీసే మనిషికీ కుక్కలకీ మధ్య ఎప్పుడూ ఒక అడ్డం ఉంటుంది.

కానీ అసలు ప్లాన్ వేరే ఉంది, రాత్రి దాని గురించే ఆలోచిస్తూ నిద్ర పట్టలేదు. అమెరికాలో సోఫియా యిన్ అనే వెటర్నరీ డాక్టర్, రిమోట్ నొక్కితే ట్రీట్ పడే మెషిన్‌తో కుక్కలకి తలుపు దగ్గరికి మనుషులు వచ్చినప్పుడు చాప మీద పడుకోవడం నేర్పించారు, దాని మీద 2008లో పేపర్ కూడా వచ్చింది. అందులో నాకు నచ్చింది ఏంటంటే బహుమతి మన చేతిలోంచి కాదు, చాప దగ్గరే పడుతుంది, నా 6 సెకన్ల గొడవే ఉండదు. నేను ఇంకో అడుగు ముందుకేసి రిమోట్ కూడా లేకుండా చేద్దామనుకుంటున్నా: గేటు తెరుచుకుంటే కనిపెట్టే మాగ్నెట్ డోర్ సెన్సర్, చాప పక్కన సర్వో మోటర్‌తో (చెప్పినంత మేరకే తిరిగే చిన్న మోటర్) తెరుచుకునే చిన్న డబ్బా, గడియ కదలగానే డబ్బాలోంచి ముక్క పడాలి. పెద్దాడికి స్కూల్లో ఆర్డుయినో (ఇలాంటి సెన్సర్లనీ మోటర్లనీ నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) నేర్పారు, ఆదివారం కూర్చుని చేస్తానన్నాడు. డబ్బాలో తడి చికెన్ కుదరదు, అంటుకుపోతుంది, ఓవెన్‌లో ఎండబెట్టిన చికెన్ లివర్ 1 సెంటీమీటర్ ముక్కలు అయితే పడొచ్చు. రోజు తిండిలో ట్రీట్లు పది శాతం దాటకూడదు కాబట్టి మా ఇంటికి వచ్చే పార్సిళ్ళ లెక్క చూసి రాత్రి గిన్నెలో అంత తగ్గించాలి, బుజ్జికైతే ఇంకా ఎక్కువ, దానికి నడుము కనపడటం మానేసింది.

ముందు బుజ్జిని వేరే గదిలో పెట్టి రుద్ర ఒక్కడితో, గడియ మాత్రమే, మనిషి లోపలికి రాకుండా. తర్వాత మావారు గేటు లోపలికి 5 అడుగులు, తర్వాత మెట్ల దాకా, ఆఖర్న బెల్. దసరాకి ఆడపడుచు వాళ్ళు పిల్లలతో వస్తారు, అప్పటికి మెట్ల దాకా అయినా రావాలి. సర్వో మోటర్ చప్పుడుకే వాడు బెదిరితే ఏం చేయాలో ఇంకా తెలీదు, బహుశా ముందు రెండు రోజులు ఊరికే ఆ చప్పుడు వినిపించి ముక్కలు పెట్టాలేమో. ఎవరైనా ఇలాంటి డబ్బా చేసి ఉంటే ముక్కలు ఇరుక్కోకుండా మూత ఎలా పెట్టారో చెప్పండి.