ఆకులు రాలకముందే మంచు పడిన రోజు

పొద్దున ఆరు కాకముందే పాప వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. "అమ్మా, బయట అంతా తెల్లగా అయిపోయింది!" నిద్రమత్తులో ఏమంటోందో అర్థం కాలేదు. రోజూ ఆ టైమ్‌కి రోడ్డు మీద బండ్ల చప్పుడు వినిపిస్తుంది. ఆ రోజు ఏ అలికిడీ లేదు. కర్టెన్ పక్కకి జరిపి చూస్తే నిజంగానే మంచు. ఇంటి ముందు చెట్టుకి ఆకులు ఇంకా నిండుగా ఉన్నాయి, సగం పచ్చగా, సగం పసుపుగా. ప్రతి ఆకు మీదా ఇంత మందాన మంచు.

మామూలుగా మంచు పడాలంటే ఇంకా నెల పైనే ఉంది. మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్లారు, మర్నాటికి గానీ రారు. ఇంట్లో ఉన్నది నేను, 5 ఏళ్ల పాప, 14 నెలల బాబు.

ముందు బట్టల సంగతి. చలికాలం పెట్టె అటక మీద నుంచి దించితే అందులో అన్నీ నిరుటివి. పాప బూట్లో కాలు పెట్టి, మడమ దాకా వెళ్లక, నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది, ఏడుపు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. బలవంతంగా తొడగొచ్చు. కానీ బిగుతు బూట్లలో రక్తం సరిగ్గా ఆడక కాళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. అందుకే కొంచెం పెద్దవిగా కొన్న వానాకాలం బూట్లు తీసి, లోపల ఉన్ని సాక్స్ వేశాను. గ్లోవ్స్‌లో ఒక్కటే దొరికింది. నా మందపాటి సాక్స్ రెండు చేతులకీ తొడిగి, మణికట్టు దగ్గర జుట్టు రబ్బరు బ్యాండ్లు వదులుగా వేశాను. వేళ్లన్నీ ఒకే చోట ఉంటే ఒకదాని వేడి ఒకదానికి తగులుతుంది, విడివిడి వేళ్ల గ్లోవ్స్ కన్నా ఇదే నయం. ఒక్కటే చిక్కు, తడిస్తే పనికిరావు. అందుకే పావుగంట ఆట, లోపలికి రావడం, సాక్స్ మార్చడం, మళ్లీ పావుగంట. అలా నాలుగు సార్లు తిరిగాం. బాబుని ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

పాప చెట్టు కిందికి పరిగెత్తబోతుంటే పక్కింటి పెద్దావిడ గట్టిగా అరిచింది, "అమ్మాయ్, పిల్లని అక్కడికి పోనివ్వకు!" ఆకులు రాలిపోయిన కొమ్మల మీద మంచు అంతగా నిలవదు, సందుల్లోంచి జారిపోతుంది. ఆకులుంటే అంతా వాటి మీదే కూర్చుంటుంది. పైగా ఇలా ముందుగా పడే మంచు తడిగా, బరువుగా ఉంటుంది. ఆవిడ ఇంకా ఈ మాటలు చెబుతుండగానే వీధి చివర టప్ మని ఏదో విరిగిన చప్పుడు. పాపని పరుగున వెళ్లి లాక్కొచ్చాను. మధ్యాహ్నం ఒంటిగంటకి అలాంటి కొమ్మే ఎక్కడో తీగల మీద పడినట్టుంది, కరెంట్ పోయింది. దాంతో పాటే ఇంట్లో హీటరూ.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. గంట గంటకీ ఇల్లు చల్లబడుతోంది. కారులో హీటర్ వేసుకుని పిల్లలతో కాసేపు కూర్చుందామా అనిపించింది. వెళ్లి చూస్తే వెనక పొగ గొట్టం మంచులో పూర్తిగా కూరుకుపోయి ఉంది. అలాగే ఇంజిన్ ఆన్ చేసి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కారులోకే వచ్చేది. దానికి రంగు లేదు, వాసన లేదు, పిల్లలు నిద్రపోయారనే అనుకుంటాం. నాకు ఒళ్లు జలదరించింది. ఆ ఆలోచన అక్కడితో వదిలేశాను. ఇదే కారణంతో బొగ్గుల కుంపటి గానీ జనరేటర్ గానీ ఇంట్లో పెట్టకూడదు.

ముగ్గురం ఒకే గదిలోకి చేరాం. అన్నిటికన్నా చిన్న గది, కిటికీ ఒక్కటే. తలుపు కింద సందులో టవల్ చుట్టి పెట్టాను. పిల్లలు అటూ ఇటూ తిరిగే చోట కొవ్వొత్తి వద్దనుకుని టార్చ్‌తోనే గడిపాం. రాత్రి తొమ్మిదికి గదిలో 14 డిగ్రీలు. పాపని రెండు దుప్పట్లలో చుట్టి నా పక్కన పడుకోబెట్టాను. బాబు విషయంలోనే చాలాసేపు తేల్చుకోలేకపోయాను. మా మధ్యన పడుకోబెట్టి పైన మందంగా కప్పేయాలని ప్రాణం కొట్టుకుంది. కానీ అంత చిన్న పిల్లల మొహం మీదికి దుప్పటి జారితే ప్రమాదం. వాడి మంచం మా మంచానికి ఆనించి, లోపల పల్చటి బట్టలు రెండు పొరలు, పైన ఒంటికి తొడిగే సంచి లాంటి నిద్ర బట్ట వేశాను. చేతులు చల్లగా ఉంటే కంగారు పడేదాన్ని, కానీ చూడాల్సింది మెడ వెనక భాగం. ఆ రాత్రి ఎన్నిసార్లు అక్కడ చెయ్యి పెట్టి చూశానో లెక్కలేదు. ప్రతిసారీ వెచ్చగానే తగిలింది.

ఈ మధ్యలో పాపకి ఇంకో బెంగ. పొద్దున నాన్న కోసం అని ఒక మంచు ఉండ చేసి ఫ్రీజర్‌లో పెట్టింది. అందులో ఒక పసుపు ఆకు కూడా ఇరుక్కుని ఉంది. కరెంట్ పోయిందనగానే, "కరిగిపోయిందేమో చూద్దాం" అని ఒకటే గోల. చూడటానికి తెరిస్తేనే కరుగుతుందని చెప్పాను. తలుపు తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటల దాకా చల్లదనం నిలుపుకుంటుంది, సగం నిండినదైతే 24 గంటలు. కింద ఫ్రిజ్‌కి మాత్రం 4 గంటలే, అందుకే బాబు పాలు తీసి కిటికీ బయట అంచున పెట్టాను. పాప ఫ్రీజర్ దగ్గరికి వెళ్లి, తలుపు మీద చెయ్యి ఆనించి, తెరవకుండా తిరిగొచ్చేది.

తెల్లవారుజామున నాలుగింటికి కరెంట్ వచ్చింది. హీటర్ చప్పుడు వినగానే ఏడుపొచ్చేసింది నాకు. మధ్యాహ్నానికి చెట్టు నుంచి చుక్కలు చుక్కలుగా మంచు కారడం మొదలైంది. సాయంత్రం మా ఆయన వచ్చేసరికి వాకిట్లో బురద తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన బూట్లు విప్పకముందే పాప చెయ్యి పట్టుకుని ఫ్రీజర్ దగ్గరికి లాక్కెళ్లింది. తలుపు తీసింది. ఉండ ఒక పక్క కొంచెం అణిగి గాజులా మెరుస్తోంది, ఆకు మాత్రం అలాగే ఉంది.