పంచెకట్టుతో విమానం ఎక్కేవాళ్లకు

కొండమీద ఆర్జిత సేవకైనా, ప్రత్యేక ప్రవేశ దర్శనానికైనా మగవాళ్లు సంప్రదాయ దుస్తుల్లోనే వెళ్లాలి. దర్శనం చేసుకుని అటునుంచి అటే రేణిగుంట విమానాశ్రయానికి బయల్దేరేవాళ్లు దారిలో ఎక్కడ ప్యాంటు మార్చుకోవాలా అని హడావిడి పడుతుంటారు. ఆ అవసరమే లేదు. పంచె కట్టుకున్నారని ఏ నిబంధనా ఎవరినీ ఆపదు. తనిఖీలో తిప్పలు పెట్టేవి రెండే: రొంటిన దోపుకున్న సామాను, బెల్టు తీశాక నిలవని కట్టు.

ముందు కట్టు సంగతి. మనలో చాలామంది అడ్డపంచె కట్టి పైన వెడల్పాటి బెల్టు బిగిస్తారు. బెల్టుకు బకిల్ ఉంటే దాన్ని తీసి ట్రేలో పెట్టాల్సిందే. ఆ వెంటనే తనిఖీ పీటమీద నిలబెట్టి చేతులు చాచమంటారు. చేతులు లేవగానే పక్కటెముకలు పైకి లేచి పొట్ట లోపలికి పోతుంది, నడుము చుట్టుకొలత తగ్గుతుంది, ముడి వదులవుతుంది. పంచె జారేది సరిగ్గా అప్పుడే. పట్టు, పాలిస్టర్ కలిసినవైతే మరీ త్వరగా జారతాయి. కొత్త పంచె గంజి బిరుసుతో మడత పట్టదు కాబట్టి ఒకసారి ఉతికి కట్టుకోవాలి. నాలుగు మూరల పంచె కన్నా ఎనిమిది మూరలది నయం, నడుము చుట్టూ రెండో చుట్టు పడుతుంది. లోపల లోహం లేని నూలు నాడా ఒకటి గట్టిగా కట్టి, పంచె పైఅంచును దానిమీదుగా రెండు మడతలు కిందికి చుడితే బెల్టు లేకపోయినా కదలదు. వెల్క్రో పంచెలు కూడా పనికొస్తాయి, కానీ పాతబడి నూలుపోగులు పట్టిన వెల్క్రోను నమ్మకండి. అన్నిటికన్నా భద్రమైనది గోచీ పోసి కట్టిన పంచె. కాళ్ల మధ్యనుంచి తీసి వెనక దోపిన కట్టు చేతులు ఎంత ఎత్తినా ఊడదు. ఇంటి దగ్గరే బెల్టు లేకుండా రెండు చేతులూ పక్కలకు చాచి, ఒకసారి వంగి లేచి చూసుకుంటే కట్టు నిలుస్తుందో లేదో తెలిసిపోతుంది.

ఇక మెటల్ డిటెక్టర్‌ను కూయించేవి. వెండి మొలతాడు, దానికి కట్టిన తాయెత్తు, వెండి గుండ్లు వేయించిన రుద్రాక్షమాల, జంధ్యానికి ముడివేసిన బీరువా తాళంచెవి, కుచ్చిళ్లు నిలవడానికి గుచ్చిన పిన్నీసు. జేబున్న చారల డ్రాయరులో చిల్లర మిగిలిందా అన్నది కూడా చూసుకోండి, ఎక్కువమంది మరిచిపోయేది దాన్నే. ఒట్టి నూలు జంధ్యంతో ఏ ఇబ్బందీ లేదు. వెండి మొలతాడును తీయక్కర్లేదు. చేతి డిటెక్టర్ నడుము దగ్గరకు రాకముందే "మొలతాడు సార్, వెండిది" అని చెప్పేస్తే తనిఖీ త్వరగా తేలిపోతుంది. జరీ అంచు విషయం కొంచెం వేరు. అసలు జరీలో వెండి తీగో, వెండి పూసిన రాగి తీగో ఉంటుంది. వెడల్పాటి అంచు కుచ్చిళ్లలో పొరలుపొరలుగా ఒక్కచోట చేరితే డిటెక్టర్ పలకవచ్చు. ప్లాస్టిక్ జరీలో లోహం పలచటి పూతే కాబట్టి ఆ బెడద చాలా తక్కువ. ప్రయాణానికి సన్నంచు పంచె తీసుకోవడమే మేలు.

మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచెను లైనులో ఉండగానే దించండి. రెండు పొరలైన చోట ఏముందో చూడాలి కాబట్టి సిబ్బంది ఎలాగూ దించమంటారు. ఉత్తరీయం మడిచి ట్రేలో వేయాలి. మగవాళ్ల తనిఖీ అందరి ఎదుటే జరుగుతుంది. కట్టు విప్పి చూపించాల్సిన పరిస్థితి వస్తే మాత్రం వేరే గదిలో చూడమని అడగండి. అలా అడగడంలో తప్పేమీ లేదు, సంకోచించవద్దు.

చెన్నై, బెంగళూరు మీదుగా విదేశాలకు పోయేవాళ్లకు ఆ దేశాల విమానాశ్రయాల్లో ఒళ్లంతా ఒక్కసారే పరీక్షించే బాడీ స్కానర్లు ఎదురుకావచ్చు. స్కానర్ పంపే తరంగాలు గుడ్డను దాటిపోతాయి, కానీ దట్టమైన మడతలున్న చోట, చెమటకు తడిసిన చోట యంత్రం పొరబడుతుంది. తెరమీద మనిషి బొమ్మపై గుర్తు పడితే అంతవరకే తడిమి చూస్తారు. మన కుచ్చిళ్లు ముందుంటాయి కాబట్టి గుర్తు పొత్తికడుపు దగ్గరే పడే అవకాశం ఎక్కువ. అమెరికాలోనైతే విడిగా గదిలో చూడమని, తోడుగా మనవాళ్లను ఉండనివ్వమని అడగవచ్చు. స్కాట్లాండ్ మగవాళ్లు కట్టుకునే కుచ్చిళ్ల లంగాలాంటి కిల్ట్‌కూ ఇదే చిక్కు. దాదాపు 8 గజాల ఉన్నిగుడ్డ కుచ్చిళ్లన్నీ వెనక్కి ఉంటాయి, పక్క బకిళ్లు, ముందు వేలాడే సంచి గొలుసు, పిన్ను కూస్తాయి. మేజోడులో పెట్టుకునే స్కియన్ డూ అనే చిన్న కత్తిని వాళ్లు చెకిన్ పెట్టెలోనే వేయాలి.

తనిఖీ దాటాక రెండు చోట్ల జాగ్రత్త. ఎస్కలేటర్ మీద అంచు చీలమండకు పైనే ఉండేలా కుచ్చిళ్లు ఎడమచేత్తో ఎత్తి పట్టుకోండి, మెట్టు సందులో గుడ్డ చిక్కుకుంటే లాగేస్తుంది. నడిచి వెళ్లి మెట్లెక్కే విమానమైతే ఆరుబయట గాలికి అడ్డపంచె ముందుభాగం విడిపోతుంది. సంచీని ముందుకు పట్టుకుంటే సరిపోతుంది.

అయ్యప్ప మాలలో ఉన్న స్వాములకు నల్లపంచెతో పాటు ఇరుముడి కూడా ఉంటుంది. అందులోని కొబ్బరికాయను క్యాబిన్‌లోకి తీసుకెళ్లడానికి పౌర విమానయాన శాఖ 2024 అక్టోబరులో వెసులుబాటు ఇచ్చింది, అది 2025 జనవరి 20 వరకు. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల ఆనవాళ్ల పరీక్ష, చేతి తనిఖీ మూడూ అయ్యాకే లోపలికి పంపాలన్నది అప్పటి షరతు. ఇలాంటి అనుమతికి గడువు ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందు ఆ ఏటి ఆదేశం చూసుకోవాలి. కర్పూరం, అగ్గిపెట్టె మాత్రం ఇరుముడిలో పెట్టకండి, దిగాక అక్కడే కొనుక్కోండి.